గాలి కలపని లెక్క

విమానం దిగడానికి ఇంకా ఇరవై నిమిషాలుందన్న ధీమాతో ఏజెంట్ కొంగ అరైవల్ లాంజ్‌లోకి అడుగుపెట్టాడు. విమానం అప్పటికే దిగిపోయింది. అందులో రావలసిన మనిషి మూడో వరస చివరి కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పూలగుత్తి పెట్టుకుని, ప్రాణం లేకుండా ఉన్నాడు.

దూరం నుంచి చూసేవాళ్ళకి ఎవరి కోసమో ఎదురుచూస్తూ కునుకు తీస్తున్నట్టే ఉంది. కొంగ పక్క కుర్చీలో కూర్చున్నాడు. పేపరు కింద పడినట్టు వంగి, ఆ మనిషి మణికట్టు పట్టుకు చూశాడు. ఒళ్ళింకా వెచ్చగానే ఉంది, నాడి లేదు. మెడ వెనక, కాలరు అంచున, దోమ కుట్టినంత ఎర్రటి మచ్చ.

"ఈ సీటు కిటికీ పక్కదేనా?" అని కొంగ అడగాలి. "కిటికీ మీది, ఎండ నాది" అని ఆ మనిషి చెప్పాలి. అదీ కోడ్. అడగాల్సినవాడు వచ్చాడు గానీ జవాబు చెప్పాల్సినవాడు లేడు.

ఒకే చోట కదలకుండా నిలబడి, అటు చూస్తున్నట్టు నటిస్తూ ఇటు చూడగలడని ఆఫీసులో అతనికి కొంగ అని పేరు పెట్టారు. దొంగజపమే అతని ఉద్యోగం. ఎయిర్‌పోర్టులో మాత్రం మరీ ముందు వెళ్ళి పదిమంది కళ్ళల్లో పడకూడదన్నది అతని పట్టుదల. విమానం నాలుగున్నరకి దిగుతుందని చెప్పింది బావ. ఎయిర్‌పోర్టు ఫ్లైట్ ప్లానింగ్ రూముకి ఆయనే హెడ్డు. ఏ విమానం ఎంత ఎత్తులో, ఏ దారిన, ఎంతసేపు ఎగరాలో లెక్క కట్టేది ఆయనే. డిపార్టుమెంటు రహస్య ప్రయాణాలు కూడా చడీచప్పుడూ లేకుండా చూసేదీ ఆయనే. ఇంట్లో అలాంటి బావ ఉండగా ఎంక్వయిరీకి ఫోన్ చేసే ఖర్మ కొంగకేం పట్టింది?

పబ్లిక్ ఫోన్ నుంచి మేడమీది ప్లానింగ్ రూముకి డయల్ చేశాడు.

"బావా, విమానం నాలుక్కి ముందే దిగిపోయింది."

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు.

"అయ్యో! గాలి రా. వెనకనుంచి తోసేసి ఉంటుంది. ఇవాళ ఇంత గాలి వస్తుందని ఎవరూ అనుకోలేదు. మీ మనిషి దొరికాడా?"

"దొరికాడు" అని ఫోన్ పెట్టేశాడు కొంగ.

*

డిపార్టుమెంటు హెడ్డాఫీసు ఒక సూట్‌కేసుల రిపేరు షాపు వెనక ఉంది. తెగిన పిడులు, విరిగిన తాళాలు దాటుకుని లోపలికి వెళితే ఇనప తలుపు, తలుపు వెనక పెద్దాయన. చీఫ్‌ని అందరూ అలాగే పిలుస్తారు. మాట్లాడేటప్పుడు మనిషి వంక చూడడు, మాట్లాడనప్పుడు వేరే దేని వంకా చూడడు.

"చచ్చినవాడు దర్జీ. అవతలి గట్టున తేనెపట్టు ముఠాకి సూట్లు కుట్టేవాడు. తేనెపట్టు మనిషి ఒకడు మన మధ్యే ఉన్నాడు కొంగా."

కొంగ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"రెండేళ్ళ కిందట ట్రైనింగ్ పేరుతో మనవాళ్ళు, మనకి సాయపడేవాళ్ళు కలిపి అరడజను మంది అక్కడికి వెళ్ళారు. వాళ్ళలో ఒకడికి ముఠా సూటు బహుమానంగా కుట్టించింది. వాడి మొహం చూసినవాళ్ళు ఇద్దరు. దర్జీ ఒకడు. కొలతలు తీస్తుంటే టేపు పట్టుకున్న అతని కూతురు రెండు."

"ఫొటోలు పంపిస్తే సరిపోయేది కదా సార్?"

"మన మొహాలన్నీ కట్టకట్టి సముద్రం దాటించమంటావా? ఆ పిల్ల చూసేలోపు తేనెపట్టు చూస్తుంది. అందుకే మనిషినే రప్పించాను. రప్పించి చంపించాను." తప్పు తనదేనన్నట్టు పెద్దాయన తన వైపే వేలు చూపించుకున్నాడు. "దర్జీ వస్తున్నట్టు తెలిసింది నలుగురికి. నాకు, నీకు, టికెట్టు వేసిన మీ బావకి, విమానంలో డ్యూటీ చేసిన చిలకకి. మీ బావ నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. ముఠాకి చేరవేయడానికి మిగిలిందెవరో నువ్వే చెప్పు."

చిలక ఎయిర్ హోస్టెస్. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ఆ సంగతి రెండు వైపులవాళ్ళకీ తెలుసు. అవసరానికి వాడుకుంటూ, ఎవరికి వాళ్ళు ఆమె తమ మనిషే అనుకుంటూ కాలక్షేపం చేస్తున్నారు.

"గురువారం అదే విమానంలో కూతుర్ని రప్పిస్తున్నాను. ఆ పిల్ల ప్రాణం నీ చేతిలో పెడుతున్నాను. తను క్షేమంగా దిగాక..." పెద్దాయన బల్లమీద ఒక పెన్ను పెట్టాడు. "చిలక కథ ముగించు."

మత్తుసూది వదిలే పెన్ను అది. కావాలంటే విషపు సూది కూడా వేసుకోవచ్చు. డిపార్టుమెంటు వర్క్‌షాపువాళ్ళు ఎంతో కష్టపడి చేశారు. ఎంత విదిలించినా రాయదు.

*

ఎయిర్‌పోర్టు ఎదుట కాఫీ క్లబ్బులో చిలక ఎర్ర స్కార్ఫు కట్టుకుని, నల్లకళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని కూర్చుంది. నలుగురు చూస్తున్నారని తెలిసీ తెలియనట్టు కూర్చోవడం ఆమెకి బాగా వచ్చు.

"మీ పెద్దాయన నా పేరే చెప్పాడా?" అంది, కొంగ కుర్చీ లాక్కోకముందే.

"ఇంకెవరి పేరు చెప్తాడు?"

"నిజమే. అమ్మేదాన్ని నేనే కదా." ఆమె నవ్వలేదు. "నేను రెండు చోట్లా అమ్ముతాను, ఇద్దరికీ చెప్పే అమ్ముతాను. మనుషుల్ని చంపే మాట మాత్రం ఎప్పుడూ అమ్మలేదు. ఆ దర్జీకి విమానంలో నీళ్ళిచ్చింది నేనే. గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాను. దిగేదాకా నా పని. దిగాక మీ పని. మీరేరీ?"

"విమానం ముందొచ్చేసింది."

"వారం రోజులుగా ముందే వస్తోంది!" చిలక కళ్ళు పెద్దవి చేసింది. "పైన ఒకటే గాలి. ట్రేలు పంచి, మళ్ళీ ఏరుకునేలోపు బెల్టులు పెట్టించమంటున్నాడు కెప్టెన్. ఈ ముక్క ప్లానింగ్ రూములో గోడకి కూడా తెలుసు. మీకెవరూ చెప్పలేదా?"

కొంగ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. ఇంత గాలి వస్తుందని ఎవరూ అనుకోలేదన్నాడు బావ. చిలక అబద్ధమాడుతోందని తనకి తాను చెప్పుకున్నాడు. అబద్ధం ఆమె వృత్తి. తనదీ అదే. అబద్ధం వృత్తి కానివాడు ఒక్క బావే.

*

ఆ సాయంత్రం అక్క భోజనానికి పిలిచింది. పిలవకపోయినా వెళ్ళేవాడే. అమ్మానాన్నలు పోయేనాటికి అతనికి పన్నెండేళ్ళు. అప్పుడే కొత్తగా పెళ్ళయిన బావ, ఈ బామ్మర్దిని వెంటబెట్టుకొచ్చి తన ఇంట్లో మంచం వేయించాడు. సైకిలు నేర్పాడు, గడ్డం గీసుకోవడం నేర్పాడు. గ్లోబు మీద దారం పరిచి, మ్యాపులో తిన్నగా కనిపించే దారి నిజానికి చుట్టుదారి అనీ, వంపుగా కనిపించేదే దగ్గర దారి అనీ చూపించాడు. ఆ గ్లోబు ఇప్పటికీ హాల్లోనే ఉంది. నల్లదారం ముక్క ఇప్పటికీ బావ జేబులోనే ఉంటుంది. మ్యాపుల సంచి మోసి మోసి ఆయన ఎడమ భుజం కాస్త వాలిపోయింది. అక్క దాన్ని చూసి, "మా ఆయన రన్‌వే మీద పక్కకి ఒరిగిన విమానం" అంటుంది.

"రారా బామ్మర్దీ! మొహం అలా వేలాడేశావేంటి?" అన్నాడు బావ. తరవాత గొంతు తగ్గించి, "ఆ రోజు సంగతి మనసులో పెట్టుకోకు. గాలి మన చేతిలో ఉందా?" అని వీపు నిమిరాడు. ఆ చెయ్యి ఎప్పటిలాగే ఉంది. కొంగకి ప్రాణం లేచొచ్చింది. ఆ ఆడమనిషి మాట నమ్మి ఈ మనిషిని అనుమానించినందుకు సిగ్గుపడ్డాడు.

భోజనాల బల్ల ఆ చివర అక్క కూతురు చిట్టి హోమ్‌వర్కు చేస్తోంది. ఐదో క్లాసు. పెన్సిలు కొరుకుతూ పైకి చదివింది. "రెండు విమానాశ్రయాల మధ్య దూరం మూడు వేల ఆరు వందల కిలోమీటర్లు. విమానం గంటకు ఎనిమిది వందల కిలోమీటర్ల వేగంతో పోయిన, గమ్యము చేరుటకు ఎంత కాలము పట్టును? నాలుగున్నర గంటలు. అయిపోయింది!"

"తప్పు" అన్నాడు బావ, తల ఎత్తకుండానే.

"తప్పేంటి నాన్నా? దూరం బై వేగం!"

"అటు పోతోందా, ఇటు వస్తోందా?"

"పుస్తకంలో ఇవ్వలేదు."

"గాలి ఎంత?"

"అదీ ఇవ్వలేదు."

"అయితే అది లెక్కే కాదు. చూడు, అచ్చం మన రూటే ఇది. ఇటు వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుంది, నాలుగు గంటల్లోపే వచ్చేస్తాం. అటు పోయేటప్పుడు మొహం మీద కొడుతుంది, ఐదు దాటిపోతుంది. ఉన్న దూరం అంతే, పట్టే టైము వేరు. గాలి కలపకుండా టైము చెప్పేవాడు నా రూములో ఉంటే చెవి మెలేసి బయటికి పంపిస్తాను."

"టీచరు కొట్టేస్తుంది నాన్నా!"

"కొట్టెయ్యనీ. అబద్ధం మాత్రం రాయకు."

అక్క నవ్వింది. "పెళ్ళిచూపులకొచ్చి, మా ఇంటికి రావడానికి ఎంతసేపు పట్టిందంటే, రావడానికింత, పోవడానికింత అని రెండు టైములు చెప్పిన మనిషి. ఈయనతో పెట్టుకోకే."

అందరూ నవ్వుతున్నారు. కొంగ చెయ్యి కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది.

నాలుగున్నర గంటలు! గాలి కలపని అంకె. కన్నకూతురి హోమ్‌వర్కులో కూడా ఒప్పుకోని ఆ అంకెని, ఒక మనిషి ప్రాణం మీదికొచ్చిన రోజున, బావ తనకి చెప్పాడు. పొరపాటున చెప్పే మనిషి కాడు. నిద్రలో లేపి అడిగినా గాలి కలిపే చెప్తాడు. చెప్పలేదంటే కావాలని చెప్పలేదు.

అక్క వడ్డిస్తూ, "ఏరా, బాగా లేదా?" అంది.

"బాగుందక్కా" అన్నాడు. తను తింటున్నదేమిటో కూడా అతనికి తెలియలేదు.

భోజనాలయ్యాక బాల్కనీలో ఇద్దరే మిగిలారు. కొంగ కమ్మీ గట్టిగా పట్టుకున్నాడు. వృత్తిలో ఎన్నో వలలు పన్నాడు. చేప తప్పించుకుపోతే బావుణ్ణని కోరుకుంటూ పన్నింది ఇదొక్కటే.

"గురువారం దర్జీ కూతురొస్తోంది బావా. పెద్దాయన చెప్పే ఉంటాడు. మన గడియారంలో పన్నెండింటికి బయల్దేరుతుంది. నేను ఎన్నింటికి వెళ్ళాలి?"

బావ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

"నాలుగున్నరకి దిగుతుంది. నాలుగు దాటాక వెళ్ళు, సరిపోతుంది."

"గాలి?"

"ఈ వారం తగ్గిందిరా. పెద్దగా ఏం లేదు."

కొంగ తల ఊపాడు. పన్నెండేళ్ళ వయసులో ఈ ఇంటి గుమ్మం ఎక్కినప్పుడు కూడా ఇంత దిక్కులేనితనం అతనికి తెలియలేదు.

*

పెద్దాయనకి చెబుదామా అనుకున్నాడు. సాక్ష్యం ఏదీ అంటాడు. మా మేనకోడలి హోమ్‌వర్కు అని చెప్పాలి. పైగా బావ మీద చెయ్యి వెయ్యకముందే ఆయన మాయమైపోతే, మిగిలే చెడ్డపేరు చిలకది, పోయే ప్రాణం దర్జీ కూతురిది.

బుధవారం పొద్దున్నే అదే కాఫీ క్లబ్బు. అవతలి ఊరికి డ్యూటీ ఎక్కబోతూ, యూనిఫారంలో ఉంది చిలక.

"గాలి తగ్గిందా?" అని అడిగాడు.

"తగ్గడమా? నిన్న ఇంకా పెరిగింది."

ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తరవాత జేబులోంచి డిపార్టుమెంటు ముద్ర తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "రేపు అక్కడ బయల్దేరే ముందు ఇది కెప్టెన్‌కి చూపించు. ప్లానింగ్ రూము ఇచ్చిన ఎత్తులో ఎగరొద్దను. బాగా కిందగా, గాలి లేనిచోట రమ్మను. వేగం కూడా పుస్తకంలో ఉన్నంతే. సరిగ్గా నాలుగున్నరకి దిగాలి. ముందు దిగితే ఒక మనిషి చచ్చిపోతుంది."

"కిందగా ఎగిరితే పెట్రోలు తాగేస్తుంది. ప్రయాణికుల పేగులు నోట్లోకొస్తాయి. కెప్టెన్ నన్ను తిడతాడు."

"ఎక్కువ పెట్రోలు పోయించుకోమను. తిట్లు నాకు పంపించు. నేల మీద ఎవరికీ ఈ సంగతి తెలియకూడదు. దారిలో టవరువాళ్ళు అడిగినా, రేడియో సరిగ్గా వినిపించడం లేదనమను."

చిలక ముద్రని గుప్పిట్లో దాచింది. "మీ వాళ్ళందర్నీ వదిలేసి, నన్ను నమ్ముతున్నారేంటి?"

"మావాళ్ళని నమ్మడం అయిపోయింది" అన్నాడు కొంగ.

*

గురువారం మూడున్నరకి అరైవల్ లాంజ్‌లో ఒక క్లీనర్ నేల తుడుస్తున్నాడు. నెత్తిన టోపీ, మాసిన మీసం, చెవికి వినికిడి యంత్రం. ఆ యంత్రంలో పెద్దాయన పంపిన ఇద్దరు మనుషుల గొంతులు వినిపిస్తున్నాయి. వాళ్ళు పోర్టర్ల వేషంలో తలుపు దగ్గరున్నారు. ఎందుకు పిలిపించాడో కొంగ వాళ్ళకీ చెప్పలేదు.

బోర్డు మీద నాలుగున్నర అని ఉంది. అయినా అప్పటికే ఐదారుగురు వచ్చి కూర్చున్నారు. ముసలి దంపతులు ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోతున్నారు. చంటిబిడ్డ తల్లి ఒకామె. పేపరు చదివే ఆసామి ఒకడు. పూలగుత్తి పట్టుకున్న కుర్రాడు ఒకడు. ఖాళీ చక్రాల కుర్చీ పక్కన ఒక నర్సు. ఎవరైనా కావచ్చు, ఎవరూ కాకపోవచ్చు. కొంగ తుడిచిన చోటే తుడుస్తున్నాడు.

బావ లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఆ లెక్క మీదే ఇప్పుడు అతని పందెం.

గోడ గడియారంలో నాలుక్కి ఇంకా పది నిమిషాలుంది. బోర్డు మారలేదు, మైకు పలకలేదు, రన్‌వే మీద ఏ చప్పుడూ లేదు. ముసలి దంపతులు నిద్రలోనే ఉన్నారు. కానీ పూలగుత్తి కుర్రాడు లేచి నిలబడ్డాడు. అదే క్షణంలో నర్సు చక్రాల కుర్చీ మీద చెయ్యి వేసింది. రాని విమానానికి స్వాగతం చెప్పడానికి ఇద్దరూ ఒక్కసారే తయారయ్యారు.

కొంగకి గెలిచానన్న సంతోషం కలగలేదు.

"పూలు, చక్రాలు" అన్నాడు కాలరులో దాచిన మైకులోకి.

తడి నేల మీద కాలు జారినట్టు నర్సు మీద పడి, రాయని పెన్నుని ఆమె మోచేతికి తాకించాడు. ఆమె తెచ్చుకున్న కుర్చీలోనే ఆమె కూలబడింది. పోర్టర్లు కుర్రాడికి చెరో పక్కా చేరి, సామాను మోసినట్టే లగేజీ గదిలోకి మోసుకుపోయారు. పూలగుత్తి కాడల మధ్య సన్నటి సూది దొరికింది. పేపరు ఆసామి పేజీ తిప్పాడు.

ఇక నలభై నిమిషాలు. కొంగ నేల తుడిచాడు. ఆ లాంజ్ పుట్టి బుద్ధెరిగాక అంత శుభ్రంగా ఎప్పుడూ లేదు.

సరిగ్గా నాలుగున్నరకి, బరువుగా మూలుగుతూ విమానం దిగింది. అద్దం వెనక నుంచి చూస్తున్నాడు కొంగ. మెట్లు తగిలించారు. పాలిపోయిన మొహాలతో, కడుపులు పట్టుకుని ప్రయాణికులు దిగుతున్నారు. చివరగా తలుపు దగ్గర చిలక, ఆమె పక్కన బూడిదరంగు దుస్తుల్లో ఒక సన్నటి అమ్మాయి.

అంతా అయిపోయిందనుకుని టోపీ తీయబోయాడు. అప్పుడే ప్లానింగ్ రూము మెట్ల మీది నుంచి ఒక మనిషి దిగి, విమానం వైపు నడుస్తూ కనిపించాడు. ఎయిర్‌పోర్టు పాసు మెడలో ఉంది కాబట్టి ఎవరూ ఆపలేదు. తలమీద టోపీ కళ్ళ మీదికి లాగి ఉంది. చేతిలో గొడుగుంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎడమ భుజం వాలి ఉంది.

కొంగ చీపురుకర్రతో సహా పరిగెత్తాడు.

మెట్ల దిగువన ఆ మనిషి ఆగాడు. ఎంతో ఆప్యాయంగా పైకి పిలిచాడు.

"అమ్మాయ్, ఈ సీటు కిటికీ పక్కదేనా?"

ఆ కోడ్ విన్నాక దర్జీ కూతురి మొహం తేటపడింది. "కిటికీ మీది, ఎండ నాది" అంటూ చిలక చెయ్యి వదిలి గబగబా మెట్లు దిగింది. గొడుగు మొన లేచింది. ఆఖరి మెట్టుకీ ఆ మొనకీ మధ్య జానెడు దూరం ఉందనగా చీపురుకర్ర వచ్చి గొడుగుని కొట్టింది. గొడుగు ఎగిరి విమానం చక్రం కింద పడింది. మొనలోంచి ఒక్క చుక్క పసుపు నీరు సిమెంటు మీద రాలింది.

ఆ విసురుకి టోపీ జారిపోయింది. అమ్మాయి ఆ మొహం చూసింది, తరవాత భుజం చూసింది.

"ఈయనే" అంది నెమ్మదిగా. "ఎడమ భుజం కింద ఒక మడత ఎక్కువ వెయ్యమన్నారు. నాన్న రెండు సార్లు విప్పి కుట్టాడు. ఏడీ, నాన్నేడీ? ముందొచ్చాడుగా?"

చిలక ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకుంది.

బావ పారిపోవడానికి ప్రయత్నించలేదు. ఆయన చూపు బామ్మర్ది మీద లేదు, విమానం మీద ఉంది.

"గాలి ఏమైందిరా?" అని అడిగాడు.

"ఉన్నచోటే ఉంది బావా. విమానాన్నే కిందికి దింపాను."

"ఇంత దూరం కిందగానా? ఎంత పెట్రోలు దండగ!" అన్నాడు బావ. అంత బాధలోనూ కొంగకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"ఎందుకు బావా? నీకేం తక్కువైంది?"

"అక్కడ నన్ను కూర్చోబెట్టి, లెక్క ఎలా కడతారండీ అని అడిగారు. నేను చెబుతుంటే రెండు గంటలు విన్నారు. ఇక్కడ ఇరవై ఏళ్ళలో ఒక్కడంటే ఒక్కడు అడగలేదు."

"నేను రోజూ అడిగేవాణ్ణి కదా!"

"నువ్వు ఎన్నింటికి అని అడిగేవాడివి. ఎలా అని పన్నెండేళ్ళప్పుడు ఒక్కసారి అడిగావు." బావ కళ్ళజోడు సవరించుకున్నాడు. "నీకు ఆలస్యం టైము ఎందుకు చెప్పానో తెలుసా? నువ్వక్కడుంటే నిన్నూ వదలరు. నీకేమీ కాకూడదని చెప్పాను."

"నన్ను కాపాడావా, నన్ను అడ్డు తప్పించావా?"

బావ ఆలోచించాడు. లెక్కల మనిషి కదా, చివరికి నిజమే చెప్పాడు. "రెండూ. ఏది ఎంతో విడదీయలేనురా."

అంతకంటే అబద్ధం చెప్పి ఉంటే బావుండేదనిపించింది కొంగకి. అసహ్యించుకోవడానికైనా వీలయ్యేది. పోర్టర్లు వచ్చి చెరో చెయ్యి పట్టుకున్నారు. వెళ్తూ వెళ్తూ బావ జేబులోంచి నల్లదారం తీసి బామ్మర్ది చేతిలో పెట్టబోయాడు. కొంగ చెయ్యి చాచలేదు. దారం సిమెంటు మీద పడింది. అందరూ వెళ్ళిపోయాక వంగి తీసుకున్నాడు.

*

"ఇంతకీ విమానం కిందగా వచ్చే సంగతి తేనెపట్టుకి అమ్మలేదా?" అని చిలకని అడిగాడు, ఆమె స్కార్ఫు సర్దుకుంటుంటే.

"అమ్మకుండా ఎలా ఉంటాను? నా ఉద్యోగమే అది. బుధవారమే అమ్మేశాను." చిలక నల్లకళ్ళద్దాలు పెట్టుకుంది. "కాకపోతే టపాలో వేశాను. రేపు మధ్యాహ్నానికి అందుతుంది."

పెద్దాయన అభినందనలు, పెన్ను వాపసు ఇవ్వమన్న తాఖీదు, వినికిడి యంత్రంలో ఒకేసారి వచ్చాయి. రెండూ విని, యంత్రం చెవిలోంచి తీసేశాడు. చెయ్యవలసిన పని ఇంకొకటి ఉంది. ఆ పనికి ఏ గాడ్జెట్టూ లేదు.

అక్క తలుపు తీసింది. అతని మాసిన మీసం చూసి నవ్వబోయి, అతని వెనక ఎవరూ లేకపోవడం చూసి ఆగింది.

"మీ బావేడిరా? కలిసి వస్తారనుకున్నానే."

"ఆలస్యమవుతుందక్కా."

"ఎంతసేపు?"

రావడానికింత, పోవడానికింత అని చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు. కొంగ తలమీది టోపీ తీసేశాడు. అక్క అతని మొహం వంక చూస్తూ చూస్తూ, తలుపు పట్టుకునే మెల్లగా గుమ్మంలో కూర్చుండిపోయింది. అతను కూడా పక్కనే కూర్చున్నాడు. చెప్పవలసిందంతా చెప్పాడు. ఆమె ఏడవలేదు. అతని చెయ్యి మాత్రం వదల్లేదు.

లోపలినుంచి చిట్టి పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"మామయ్యా, చూశావా? నాన్న చెప్పింది రాస్తే టీచరు కొట్టేసింది. నాలుగున్నరే కరెక్టట!"

కొంగ ఆ పుస్తకం అందుకుని, ఎర్రగీత వంక చాలాసేపు చూశాడు.

"నాన్న లెక్క తప్పు కాదమ్మా" అన్నాడు. "కాకపోతే ఇవాళ మాత్రం విమానం మీ టీచరు చెప్పినట్టే దిగింది."